వానలో చూచిన ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టడంలోని కష్టం వారికి తెలుసు గాని, ఎవరో కట్టిన ఇల్లు కొనడంలోని కష్టం తెలిసినట్టు లేదు. తెలిసివుంటే ఆ సామెతకు మూడో ముక్క కూడా తగిలించి ఉండేవారు.

విశాఖపట్నంలో ఇరవై ఎనిమిదేళ్ళు అద్దె ఇళ్ళలో కాపురం చేసిన తర్వాత, కిందటేడు కార్తీకమాసంలో మేమొక ఇల్లు కొనబోయాము. ఇల్లంటే నాలుగో అంతస్తులో ఫ్లాటు. బాల్కనీలో నిలబడితే సముద్రం కనిపిస్తుంది. గోడలకు లేత గులాబీ రంగు, వంటింట్లో అద్దంలాంటి నల్లరాయి. మా ఆవిడ ఆ రాయి మీద ఒకసారి చెయ్యి వేసి తీయలేకపోయింది. మా అమ్మాయి బాల్కనీలో తులసికోట ఎక్కడ పెట్టాలో నిర్ణయించేసింది. ఇక నేను కాదనడానికేముంది? లక్ష రూపాయలు బయానా ఇచ్చాను. వచ్చే సోమవారం ప్రావిడెంటు ఫండులోంచి తీసిన పది లక్షలూ ఇచ్చి అగ్రిమెంటు రాసుకోవాలి. మిగతాది బ్యాంకు లోను. నాకు రిటైర్మెంటు ఆరేళ్ళు ఉంది, అమ్మాయికి పెళ్ళీడు వచ్చింది. ఆ పది లక్షలూ పోతే మళ్ళీ కూడబెట్టే వయస్సు కాదు నాది.

ఆ సంగతి తెలిసి అమెరికాలో టాంపాలో ఉన్న మా అన్నగారబ్బాయి ఫోను చేశాడు. "బాబాయ్, ఇల్లు ఇన్స్పెక్షను చేయించావా?" అన్నాడు.

"బ్యాంకు వాళ్ళ వకీలు కాగితాలు చూశాడురా. వాల్యుయేషను చేసేవాడు వచ్చి గదులు కొలుచుకు వెళ్ళాడు."

"అది బ్యాంకు కోసం. నీ కోసం ఎవరు చూశారు?"

వాడుండే ఫ్లోరిడా మన కోస్తా లాగే తుఫానుల దారిలో ఉంది. అక్కడ ఇల్లు కొనేవాడు తన ఖర్చుతో ఒక పరీక్షకుణ్ణి పెట్టుకుంటాడట. ఆ మనిషి అటక మీదికి పాకి, కప్పు గోడకు ఎలా బిగించారో, ఏ మేకులు కొట్టారో ఫొటోలు తీసి రిపోర్టు రాసి ఇస్తాడట. 1992 ఆగస్టు 24న ఆండ్రూ తుఫాను మయామీకి దక్షిణాన వేలాది ఇళ్ళ కప్పులు లేపేసింది. ఆ గుణపాఠంతోనే 2002 నుంచి ఆ రాష్ట్రమంతటికీ ఒకటే గృహనిర్మాణ నిబంధనావళి వచ్చింది. ఇదంతా విని, "మన ఇళ్ళు సిమెంటువిరా, మీలా చెక్క ఇళ్ళు కావు" అని ఫోను పెట్టేశాను.

సోమవారానికి ఇంకా అయిదు రోజులుంది. డుంబ్రిగుడ ఆశ్రమ పాఠశాలలో మేష్టరీ చేస్తున్న మా బావమరిది ఎన్నాళ్ళనుంచో రమ్మంటున్నాడు. ఇల్లు కొన్నాక తీరికా ఉండదు, చేతిలో డబ్బూ ఉండదని ముగ్గురం కిరండోల్ ప్యాసింజరు ఎక్కాము.

ఆ రైలు ప్రయాణం గురించి ఎంత చెప్పినా తక్కువే. బైలాదిలా ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చెయ్యడానికి 1960 ప్రాంతాల్లో వేసిన లైను ఇది. శృంగవరపుకోట దాటిందో లేదో కొండలు మీదికి వచ్చేస్తాయి. మొత్తం లైనులో 58 సొరంగాలున్నాయంటారు. మా అమ్మాయి వేళ్ళమీద లెక్కపెడుతూ, బొర్రా దగ్గర వేరుశెనక్కాయలు కొనడంలో పడి లెక్క తప్పింది. షిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. అక్కడికి వచ్చేసరికి మా ఆవిడ పెట్టె తెరిచి శాలువ తీసింది.

అరకులో దిగి పాడేరు రోడ్డున జీపులో పోతే, కాసేపటికే డుంబ్రిగుడ. వలిసెలు పూసే కాలమేమో, రోడ్డుకు రెండు వైపులా పసుపు ఆరబోసినట్టు చేలు. వాటి వెనక కొండవాలున సిల్వరు ఓకు చెట్లు, వాటిని అల్లుకున్న మిరియపు తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. ఎర్రమట్టితో అలికిన గోడలు, కింద నల్లని పట్టీ, ముందు అరుగు, అరుగు మీద మేకపిల్ల. బొమ్మలో గీసినట్టున్న ఊళ్ళు.

మొదటిరోజు చాపరాయికి వెళ్ళాము. పేరుకు తగ్గట్టే చాప పరచినట్టు విశాలమైన బండ. దానిమీద జారుకుంటూ పోతుంది నీరు. మా ఆవిడ ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, "ఆ సముద్రం ఫ్లాటు మానేసి ఇక్కడే ఓ చిన్న ఇల్లు కొనుక్కుంటే?" అంది.

మా బావమరిది పకపకా నవ్వాడు. "ఇక్కడ నీకు ఎవరూ అమ్మకూడదక్కా! నువ్వు కొనకూడదు. 1959లో చేసి, 1970లో గట్టి చేసిన చట్టం ఉంది. వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. ఈ ఏజన్సీలో భూమి గిరిజనులు కానివారికి రాసినా చెల్లదు. అదే లేకపోతే ఈ చేలన్నీ ఎప్పుడో హోటళ్ళయి ఉండేవి."

"అయితే ఈ ఊళ్ళో ఎవరూ ఇల్లు కొనరా?"

"కొనడమెందుకు? కట్టుకుంటారు. ఎవరి ఇల్లు వారే కట్టుకున్నారు గనుక ఎక్కడ ఏముందో వారికే తెలుసు."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది గాని, అప్పటికి పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్న స్కూలు పక్క వీధిలో ఒక ముసలాయన ఇంటి చూరు దగ్గర నిచ్చెన వేసుకుని ఏదో చేస్తున్నాడు. ఆయన మనమరాలు మా బావమరిది దగ్గరే చదువుతోంది. ఊరంతా ఆయన్ను తాత అంటారు. మమ్మల్ని చూడగానే దిగివచ్చి, అరుగు మీద చాప వేయించి, చోడి అంబలి ఇప్పించాడు. తాగుతూ నేను పైకి చూశాను. మధ్య గదికి పెంకులు, వెనక వంటసాలకు గడ్డి. ప్రతి వాసమూ దూలానికి ఇనుపతీగెతో కట్టి ఉంది. ఆ దూలం గుంజకు, గుంజ మళ్ళీ భూమిలో పాతిన మొద్దుకు. ఎక్కడా కట్టు తప్పలేదు.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. నేను సరిగ్గా ఆ పనే చేస్తున్నానని తెలిసి సిగ్గుపడ్డాను.

"లెక్కెట్టు బాబూ, పరవాలేదు" అన్నాడు తాత నవ్వుతూ. "ఆ గాలొచ్చినప్పుడు ఒక్కటీ మిగల్లేదు."

ఆ గాలి అంటే హుద్‌హుద్. ఒమాన్ దేశంవారు పెట్టిన పిట్ట పేరు. 2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ రోజు మేము అద్దె ఇంట్లో మంచం కింద కూర్చున్నాము. గంటకు 180 కిలోమీటర్ల వేగం. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. విమానాశ్రయం కప్పు కూడా దెబ్బతిన్నది. మా బాధలో మేముండి, ఆ తుఫాను అక్కడితో ఆగలేదనీ, కొండలెక్కి ఇటు వచ్చిందనీ పట్టించుకోలేదు. ఇక్కడ సిల్వరు ఓకులు వేళ్ళతో సహా కూలి కాఫీతోటల మీద పడ్డాయి. నీడ పోయిన కాఫీ మొక్కలు ఎండకు మాడిపోయాయి.

"అందరూ గాలి తోస్తాదనుకుంతారు" అన్నాడు తాత. "తొయ్యడం కాదు బాబూ, ఎత్తుతాది. సూరు కింద సెయ్యెట్టి గంపెత్తినట్టు ఎత్తుతాది. అప్పుడు నా ఇంటికి వాసాలకీ దూలానికీ కట్టుంది. దూలానికీ గుంజకీ కట్టు పాతదైపోనాది. నేను సూడలేదు. అక్కడే తెగిపోనాది. పైనున్న కట్లన్నీ ఎంత గట్టిగుంటే ఏటి?"

నేను అంబలి గిన్నె కింద పెట్టాను. టాంపాలో మావాడి ఇంటి అటక ఎక్కినవాడు చూచింది ఇదే గదా! కప్పు మొదలుకొని నేల దాకా బిగింపు ఎక్కడా తెగకూడదు. తెగిందేమో ముందు చూడాలి. అక్కడ దానికి ఫీజు పుచ్చుకునే మనిషీ, అచ్చువేసిన రిపోర్టూ ఉన్నాయి. ఇక్కడ ఒక ముసలాయనా, ఒక నిచ్చెనా ఉన్నాయి.

ఆయన ఏడాదికి రెండుసార్లు ఇల్లంతా చూస్తాడు. తొలకరికి ముందొకసారి, దసరా దాటాక ఒకసారి. గుంజ మొదట్లో మట్టి తవ్వి చెదలున్నాయా అని చూస్తాడు. కొడవలి పిడితో కర్రను కొట్టి చెవి పెట్టి వింటాడు. "గట్టిది ఠంగుమంటాది. తొర్రది డొల్లుమంటాది. రంగేసినా మాట మారదు" అన్నాడు. నా చేత కూడా కొట్టించాడు. నిజమే, తేడా చిన్నపిల్లలకైనా తెలుస్తుంది.

మా బావమరిది ఉండబట్టలేక, "మా బావగారు పట్నంలో ఇల్లు కొంటున్నారు తాతా" అన్నాడు.

"మంచిది. వానలో సూసినావా బాబూ?"

నేను తెల్లబోయాను. ఆ ఫ్లాటును మూడుసార్లు చూశాము. మూడుసార్లూ ఎండలోనే. బ్రోకరు ఎప్పుడూ పొద్దున్న పదకొండు గంటలకే రమ్మనేవాడు.

"ఎండలో ప్రతి ఇల్లూ మంచిదే" అని తాత నిచ్చెన ఎక్కాడు.

ఆ రాత్రి బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త. అర్ధరాత్రి వాన మొదలయింది. మా బావమరిది క్వార్టర్సులో స్లాబు ఒక మూల కారితే, ఇత్తడి గిన్నె పెట్టి పడుకున్నాము. ఆ టిక్కుటిక్కు వింటూ నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుతూనే, "పదండి, పోదాం. ఈ వాన విశాఖలో కూడా ఉంటుంది" అన్నాను. మా ఆవిడ ఎందుకని అడగలేదు. ఆవిడా నిద్రపోలేదు కాబోలు.

ఘాట్ రోడ్డున బస్సు దిగివస్తుంటే అనంతగిరి దగ్గర మబ్బులు రోడ్డు మీదే ఉన్నాయి. సాయంత్రానికి విశాఖ చేరాము. మా వాటాకు కింద పి.డబ్ల్యు.డి.లో పనిచేసి రిటైరయిన ఇంజనీరుగారు ఒకాయన ఉన్నారు. ఆయన్ను బతిమాలి, గొడుగు పట్టుకుని, మర్నాడు ఆదివారం ఆ ఫ్లాటుకు తీసుకువెళ్ళాను. బ్రోకరు, "వానలో ఏం చూస్తారండీ, రేపు ఎలాగూ అగ్రిమెంటే గదా" అంటూ గొణిగి, తాళం చెవి మాత్రం పంపించాడు.

ఇంజనీరుగారి సంచీలో చిన్న సుత్తి, టార్చిలైటు, టేపు. లోపలికి వెళ్ళకుండా ముందు డాబా మీదికి తీసుకువెళ్ళారు. నీరు పోయే గొట్టాలు మూసుకుపోయి ఒక పక్క మడుగు కట్టింది. పిట్టగోడ బయటికి కొద్దిగా ఒరిగి ఉంది. నీళ్ళ ట్యాంకు కింద ఇనుప స్టాండు కాళ్ళు తుప్పు పట్టి పొరలు లేస్తున్నాయి. "తుఫాను వస్తోందంటే ట్యాంకు నిండా నీళ్ళు పట్టి ఉంచాలి. ఖాళీ ట్యాంకు గాలికి బంతిలాంటిది" అన్నారాయన.

తర్వాత పడకగది. గులాబీ రంగు మీద కప్పు మూల పళ్ళెమంత తడి మచ్చ తేలింది. ఎండలో అది లేదు. కిటికీలు జారుడు అద్దాలవి. గాలి కొట్టినప్పుడల్లా కింది గాడిలోంచి నీరు లోపలికి చిమ్ముతోంది. గాలికి ఎదురుగా ఉన్న కిటికీ ఒకటి పగిలిందంటే గాలి లోపల నిండి, కప్పునూ తలుపులనూ లోపలినుంచి నెడుతుందట. పైన చూరు కింద చెయ్యి, లోపల నుంచి ఇంకో చెయ్యి! తాత చెప్పిన గంప గుర్తుకొచ్చింది.

చివరికి మా అమ్మాయి తులసికోట పెడతానన్న బాల్కనీ. ఇంజనీరుగారు దాని దూలం పొడుగునా సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ వచ్చారు. ఠంగు, ఠంగు, ఠంగు... డొల్లు. నేను, మా ఆవిడ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. ఆయన ఇంకోసారి కొట్టేసరికి అరచేయంత పూత ఊడి కింద పడింది. లోపల కడ్డీ ఎర్రగా ఉబ్బిపోయి ఉంది.

ఆయన అక్కడే నిలబడి పాఠంలా చెప్పారు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అది కాంక్రీటు రంధ్రాల్లోంచి దిగి లోపలి కడ్డీని తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగులుతుంది. అందుకే సముద్రతీరంలో కడ్డీమీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటయినా ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. ఇక్కడ టేపు పెట్టి కొలిస్తే ఇరవై కూడా లేదు. విశాఖలో కట్టే ఇల్లు సెకనుకు 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకుని కట్టాలని మరో ప్రమాణం ఉంది. సెకనుకు 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ ఇంచుమించు అంత వేగంతోనే వచ్చింది.

"పూత కొత్తది, కడ్డీ పాతది" అన్నారు చివరికి. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే!

దిగేటప్పుడు వాచ్‌మన్‌ను అడిగాను: "హుద్‌హుద్ నాడు ఈ ఇంటికేమయింది?"

"అప్పుడు నేనిక్కడే ఉన్నాను బాబూ. మీరు సూసిన ఫ్లాటు అద్దాలన్నీ ఎగిరిపోయినాయి. ట్యాంకు అవతల వీధిలో దొరికింది" అన్నాడు. ఈ ప్రశ్న మేము ఓనరును ఒక్కసారి కూడా అడగలేదు. కాగితాలలో ఇది ఉండదు. ఈసీలో ఎవరు తాకట్టు పెట్టారో ఉంటుంది గాని, ఏ గాలికి ఏమి ఊడిందో ఉండదు. కొత్తగా కట్టిన ఇళ్ళయితే 2016లో వచ్చిన రెరా చట్టం కింద, స్వాధీనం చేసిన అయిదేళ్ళ లోపల కట్టడంలో లోపం బయటపడితే బిల్డరు తన ఖర్చుతో బాగుచెయ్యాలి. చేతులు మారిన పాత ఇల్లు కొనేవాడికి ఆ గడువు దాటిపోతే అండ లేదు. తన కళ్ళే తనకు అండ.

సోమవారం అగ్రిమెంటు రాయలేదు. బయానాలో సగమే తిరిగి వచ్చింది. ఆ రాత్రి అన్నం దగ్గర మా అమ్మాయి మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం, "యాభై వేలు పోయాయని బాధపడకండి. ఫీజు కట్టి చదువుకున్నాం అనుకుందాం" అంది. కాసేపాగి, "ఆ నల్లరాయి మాత్రం బాగుందండీ" అంది.

తర్వాత ఆరు నెలల్లో పదకొండు ఇళ్ళు చూశాము. ప్రతి ఇంటా నాది ఒకటే వరస. ముందు డాబా, తర్వాత కప్పు మూలలు, కిటికీ గాడులు, దూలాల మీద సుత్తి దెబ్బ. వీధిలో నీరు ఎటు పోతుందో, అది మా గడపకన్న ఎత్తుగా ఉందో పల్లంగా ఉందో. ఆమోదించిన ప్లానుకూ, కట్టిన ఇంటికీ తేడా ఉందా అని. ఆఖర్న హుద్‌హుద్ ప్రశ్న. బ్రోకర్లు నన్ను చూస్తే పక్కసందులోకి తప్పుకునే స్థితి వచ్చింది.

పన్నెండోది సముద్రానికి దూరంగా, రెండో అంతస్తు, పాత ఇల్లు. రంగు వెలిసిపోయి ఉంది. అమ్ముతున్నది ఒక పెద్దావిడ. నేను అడగకముందే ఆవిడ, "బాబూ, ఆ తుఫానులో ఈ రెండు కిటికీలూ పోయాయి. ఇవి తరవాత పెట్టించినవి. స్నానాలగది గోడ చెమ్మెక్కుతుంది. ఆ సంగతి ముందే చెబుతున్నాను" అంది. ఇంజనీరుగారు గంటసేపు సుత్తితో తిరిగారు. ఆ గోడ తప్ప ఎక్కడా డొల్లు మనలేదు. ఆ గోడ బాగుకు అయ్యే ఖర్చు ధరలో తగ్గించుకుని, వైశాఖంలో గృహప్రవేశం చేశాము. సముద్రం కనిపించదు. తులసికోటకు చోటుంది.

గృహప్రవేశానికి మా బావమరిది డుంబ్రిగుడనుంచి వస్తూ ఒక చోడిపిండి మూట తెచ్చాడు. తాత పంపించాడట. దానితోపాటు ఒక ప్రశ్న కూడా: "కట్లు సూసుకుంతన్నాడా?"

అందుకే ఈ ఏడు మృగశిర రాకముందే డాబా ఎక్కి నీటి గొట్టాలు శుభ్రం చేశాను. మళ్ళీ దసరా వెళ్ళాక ఎక్కాలి. మీరెవరైనా అరకు చూడబోతే ఇంకాస్త ముందుకు డుంబ్రిగుడ దాకా వెళ్ళండి. వలిసె పూలు చూడండి, చాపరాయిలో కాళ్ళు తడుపుకోండి. ఎవరైనా అరుగు మీద కూర్చోబెట్టి అంబలి ఇస్తే మొహమాటపడకుండా ఒకసారి తల ఎత్తి చూడండి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం తప్పే. కొనబోయే ఇంటి వాసాలు లెక్కపెట్టకపోవడం ఇంకా పెద్ద తప్పు.